మైల అంటని పూట

చెన్నపట్నంలోని ఒక కంపెనీ తరఫున నేను ఆవిరి ఇంజన్లు అమ్మేవాణ్ణి. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మి బతికినవాణ్ణే గానీ, కాకినాడ బియ్యం వర్తకుల దగ్గర నా నోరేమీ పనిచెయ్యలేదు. వాళ్ల పెద్ద షావుకారు ఒక పట్టాన తేల్చే మనిషి కాడు. "వడ్లు దంచడానికి మనుషులుండగా ఈ ఇనప దెయ్యం ఎందుకండీ?" అనేవాడు. చివరికి ఒక ఇంజను పెట్టి చూస్తామన్నారు. అది బాగా తిరిగితే వాళ్ల మిల్లులన్నిటికీ మావే తీసుకుంటారు. తిరక్కపోతే నా ఏజెన్సీ ఊడుతుంది. మా కంపెనీ దొర ఆ మాట మొహం మీదే చెప్పాడు.

ఇంజను తిప్పే ముహూర్తం రేపనగా పెద్దాపురంలో మా అమ్మ జ్వరంతో మంచం పట్టి ఉంది. వెళ్లనా మాననా అని నేను గుమ్మంలో తచ్చాడుతుంటే ఆవిడే కసిరింది.

"ఇక్కడ కూచుని నా మొహం చూస్తే నీ ఇంజను తిరుగుతుందిట్రా? ఫో! తిరిగిందో లేదో వచ్చి నాకు చెప్పు."

ఆ సాయంత్రానికి కాకినాడ చేరాను. మర్నాడు పొద్దున్న మిల్లు వాకిట్లో మా పాలేరు కనిపించాడు. దూరంగా గోడవార నిలబడి ఉన్నాడు. అటు నడవబోతే షావుకారు నా చెయ్యి పట్టుకున్నాడు. "కబురు నేనడిగానండి. అమ్మగారికి నెమ్మదిగానే ఉందట. మీరు బాయిలరు సంగతి చూడండి, ముహూర్తం దగ్గరపడుతోంది."

కొబ్బరికాయ కొట్టి పొయ్యి వెలిగించారు. మీ మిల్లులో ఊకే దీనికి మేతండీ అని నేను చెప్పినప్పుడల్లా నవ్వినవాళ్లు, ఆ ఊక వేస్తుంటే నోళ్లు తెరుచుకుని చూశారు. ఇంజను తిరిగింది. బియ్యం తెల్లగా పడ్డాయి. "అన్ని మిల్లులకీ మీవేనండి" అన్నాడు షావుకారు. బేరం లేదు, నసుగుడు లేదు. ఓహో, మనంతటివాడు లేడనుకున్నాను.

భోజనాల దగ్గర గుమస్తా ఒకడు నాకు విసనకర్ర పట్టాడు. పులిహోర మారు వడ్డించారు, తిన్నాను. పాలేరుకి పెట్టారా అని అడిగితే, "తిననంటున్నాడండి" అన్నారు.

చెయ్యి కడుక్కున్నాక షావుకారు నన్ను పక్కకి పిలిచాడు. అప్పటికి పొద్దు వాలుతోంది.

"అమ్మగారు రాత్రే పోయారండి. విననంతవరకూ మైల అంటదు గదండీ. ఈ ముహూర్తం తప్పితే మళ్లీ ఇప్పట్లో లేదు. అందుకే వాణ్ణి నోరెత్తనివ్వలేదు. విన్నాక ఎలాగూ ముద్ద దిగదని ముందు అన్నం పెట్టించాను. స్నానం చేసి బయల్దేరండి, బండి కట్టించాను."

కోపం రావాలి. రాలేదు. నోట్లో పులిహోర పులుపు ఇంకా ఉంది. నూతి దగ్గర నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాను. చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలియలేదు.

బండిలో పాలేరు దారి పొడుగునా ఏడ్చాడు. "పొద్దున్నే చెప్పనిచ్చుంటే అందుకునేవారు బాబూ" అన్నాడు. ఊఁ అన్నాను. నా బుర్రలో మాత్రం ఇంజను బెల్టు కాస్త వదులుగా ఉందేమోనన్న ఆలోచన తిరుగుతోంది. ఛీ, ఏం మనిషినో! ఆ ఆర్డరు ఇంజనుని చూసి ఇచ్చారో, నన్ను చూసి జాలిపడి ఇచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. పొద్దు వాలేదాకా నా కోసం చూసి, ఇక లాభం లేదని తమ్ముడి చేత నిప్పు పెట్టించారట. నిప్పు పెట్టినవాడే కర్త. పెద్దకొడుకునైన నేను ఆ పదిరోజులూ చుట్టంలా పక్కన కూర్చోవలసినవాణ్ణే.

అమ్మ మంచం ఉండేచోట దీపం పెట్టారు. తమ్ముడు తడిబట్టతో దాని పక్కన కూర్చుని ఉన్నాడు.

"రాత్రి ప్రాణం పోయేదాకా అమ్మది ఒకటే గొడవ అన్నయ్యా, ఇంజను తిరిగిందా, తిరిగిందా అని. తిరిగిందా?"

"తిరిగింది" అన్నాను.

వాడు దీపం వైపు తిరిగాడు. "తిరిగిందటే అమ్మా" అన్నాడు.

ఆ మాట కూడా వాడే చెప్పాడు.