జానా బెత్తెడు దూరం

విమానం టికెట్లమ్మే ఆఫీసులో ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు గానీ, ఒక్కసారి విమానం ఎక్కిన పాపాన పోలేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని జనం వేళాకోళం చేసేవారు. నిజానికి అతనికి సెలవు దొరకలేదు, అంతే.

బల్ల మీద సొట్టపడిన గ్లోబు, సొరుగులో తెల్లదారం, ఇవీ అతని పనిముట్లు. దూరప్రయాణానికి బెదురుతూ ఎవరైనా వస్తే, దారం ఒక కొస ఈ ఊరి మీద, రెండో కొస ఆ ఊరి మీద పెట్టి బిగించి చూపేవాడు. చూశారా, జానా బెత్తెడు, గాల్లో పది గంటలు అనేవాడు. అందుకే వీధిలో అతనికి జానెడుగారని పేరు స్థిరపడింది. అయితే మనిషి నిక్కచ్చి. ఇది తిన్నగా గీసిన గీత, విమానాలు మధ్యలో ఆగుతాయి, మూడింతలు వేసుకోండి అని రెండో మాట కూడా చెప్పి పంపేవాడు.

ఆ రెండో మాట చెప్పనిది ఒక్క అక్కకే.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అక్కే. బావకి ఎక్కడో ఓడలు బాగుచేసే చోట ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయే రోజున, తమ్ముణ్ణి వదల్లేక గుమ్మం పట్టుకుని ఏడ్చింది. అప్పుడతను దారం కొలిచి, కత్తిరించి, ఆమె చేతిలో పెట్టాడు. నువ్వు పిలిస్తే పది గంటల్లో వాలతాను అన్నాడు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళూ ఫోన్లో అదే పాట. పాపం, ఓదార్పు కోసం చెప్పిన మాట, ఆవిడకి వేదవాక్కైపోయింది.

కిందటేడు అక్క మంచాన పడ్డప్పుడే వీసా సిద్ధం చేసుకున్నాడు. చివరికి ఒక సాయంత్రం బావ ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"పది గంటలేగా?" అంది అక్క, గొంతు పెగల్చుకుని.

నిజం చెప్పడానికి అదే అదను.

"పది గంటలే అక్కా. బయల్దేరుతున్నా."

తన టికెట్టు తానే రాసుకున్నాడు. రెండు విమానాలు, మధ్యలో పద్నాలుగు గంటల పడిగాపులు, మొత్తం ముప్పై ఒక్క గంటలు. ఆ సంగతి బావకి చెప్పాడు. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి, కిటికీలోంచి చూడనైనా లేదు.

తలుపు తీసిన బావ మొహం చూడగానే అర్థమైపోయింది. బావ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాడు.

"పది గంటలూ గడియారం వంకే చూసింది. పదకొండో గంట నుంచి మొదలెట్టింది, నీ విమానానికేదో అయిందని. రేపు దిగుతాడే అని ఎంత చెప్పినా విన్లేదు. నా తమ్ముడి లెక్క తప్పదు, మీరే దాస్తున్నారు అంది. పొద్దున్న నీకోసం ఏడుస్తూనే పోయిందిరా."

లోపలిగదిలో అక్క పడుకుని ఉంది. మాసిన దారం ముక్క ఆమె వేళ్ళకి చుట్టి ఉంది. జానెడుగారు పక్కన చతికిలబడి, ఆ చల్లటి చెయ్యి పట్టుకున్నాడు.

"నాకేం కాలేదే అక్కా," అన్నాడు. "బాగానే ఉన్నా."