నాలుగు వార్తల తర్వాత

ఇన్నేళ్లు నా వార్తలు విన్న మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను? ఏళ్ల తరబడి ఇది నా గొంతులోనే ఉంది. టీవీలో వార్తలు చదివిన గొంతు కదా, చోటుకేం తక్కువ అనుకుంటారు. లేదు. ప్రతి వార్తా దీన్ని పక్కకు తోసుకునే బయటికొచ్చింది.

టీవీకి ముందు రేడియో, రేడియోకి ముందు జమ్మలమడుగు పార్కు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. సాయంత్రం పూట మైకులో పేపరు, తాలూకాఫీసు నుంచి వచ్చే చీటీలు చదవడం నా పని. ముఖం సంగతి వదిలేయండి, గొంతు బాగుండేది. పెన్న ఏటి ఇసుక మీదికీ వినబడేది. ఏటి మధ్య గడ్డిదిబ్బల మీద గొర్రెలు మేపడానికి పులివెందుల వైపు నుంచి గంగులప్ప, అతని తమ్ముడు వచ్చి అక్కడే గుడిసె వేసుకునేవాళ్లు. పైన వానపడి నీళ్లొస్తుంటే, మైకులో నేను చెబితేనే కదిలేవాళ్లు.

ఆ రోజు రేడియోలో పెద్ద ఉద్యోగి ఒకాయన, పనిమీద ప్రొద్దుటూరు దాకా వచ్చినవాడు, నా గొంతు వినడానికి పార్కుకొచ్చాడు. నాలుగు వార్తలు వారం రోజులు సాధన చేసి పెట్టుకున్నాను. వార్తలు పాతబడినా పర్వాలేదు, గొంతు కొత్తగా ఉండాలని. మైకు ముందుకు పోబోతుంటే తాలూకాఫీసు బంట్రోతు పరుగెత్తుకొచ్చి చీటీ ఇచ్చాడు.

"ఏటికి నీళ్లొస్తాండాయంట. బిరీన చదువప్పా."

చదివితే ఏమవుతుందో తెలుసు. జనమంతా నీళ్లు చూడ్డానికి గట్టుకు పరిగెడతారు. ఖాళీ పార్కులో నా గొంతు ఎవరికోసం? చీటీ జేబులో పెట్టుకున్నాను. నాలుగు వార్తలేగా. పావుగంటేగా. నాకోసం నీళ్లు ఆగుతాయనుకున్నానా? అసలు నీళ్ల గురించి ఆలోచించానా? ఒకటి మాత్రం గుర్తుంది. మూడో వార్తలో ఎక్కడ ఆగాలో అక్కడ చక్కగా ఆగాను. రేడియో ఆయన తల ఊపాడు. ఆ ఆగిన క్షణంలో ఏటివైపు నుంచి హోరు వినబడింది. గాలి అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

తర్వాత చీటీ చదివాను. చాలా స్పష్టంగా.

గొర్రెలు సగం దక్కాయి. తమ్ముడు దక్కలేదు. మూడో రోజు గంగులప్ప పార్కుకొచ్చి నేల మీద కూచున్నాడు.

"చీటీ నీకు ఎప్పుడొచ్చిందప్పా?"

"అప్పుడే. రాగానే చదివినా."

తన కాళ్లకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"అట్లయితే తప్పు నాదే. నీ గొంతు ఇనంగానే లేచినా. లేచి గొర్రెల్ని తోలుకుంటి. ముందు వాన్ని పిల్సింటే బతికుండును గదప్పా."

నేను మైకు తుడుచుకుంటూ నిలబడ్డాను. రేడియో ఉద్యోగం ఆ నెలలోనే వచ్చింది.

గంగులప్ప మళ్లీ గొర్రెలు కాయలేదట. ఎవరు ఎవరిని పిలిచినా తనే ఉలిక్కిపడి లేచి పరిగెత్తేవాడట. తప్పు తనదేననుకుంటూనే చనిపోయాడు. నేనేమో టీవీలో వార్తల మధ్య ఎవరైనా చీటీ అందిస్తే, చదువుతున్న వాక్యం మధ్యలోనే వదిలేసి దాన్ని వెంటనే చదివేసేవాణ్ణి. చూసేవాళ్లు వయసనుకున్నారు.

చీటీ పావుగంట ముందే వచ్చింది, గంగులప్పా.

ఇది విని మీరు లేచి వెళ్లిపోయినా సరే. తల ఊపక్కర్లేదు. ఆ చీటీ దాచిన జేబు మాత్రం ఇప్పటికి ఖాళీ అయింది.