చేపల తొట్టిలో ఫాస్ఫేటు, పీట మీద మేనత్త

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ లేదు. ఇరవై మూడేళ్ళ వయసు, చంద్రపూర్ కాలేజీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన బీఎస్సీ, చేతిలో ఫోను, ఫోను నిండా వీడియోలు. ఇవన్నీ ఒక్కచోట చేరితే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ముప్పై దాటిన ఈ వయసులో వెనక్కి చూసుకుంటే, ఆ కుర్రవాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి ఒక మూల కూర్చోబెట్టాలనిపిస్తుంది. (కూర్చుంటాడన్న నమ్మకం లేదు. వాడు ఎవరి మాటా వినే రకం కాదు.) నా తెలివితక్కువ పనులు చాలావాటిని నవ్వుతూనే చెప్పుకోగలను కానీ, ఈ చేపల తొట్టి సంగతి మొదలుపెడితే మాత్రం నవ్వు సగంలో ఆగిపోయి మొహం వేడెక్కుతుంది.

మహారాష్ట్ర అంచున, సిరోంచలో మాకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. బోర్డు మీద మరాఠీలో కృషి కేంద్రం అని ఉంటుంది, లోపల బేరమంతా తెలుగులో సాగుతుంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. చదువు అయిందనిపించాక మా బాపు, అదే నాన్న, నన్ను ఎరువుల వైపు నిలబెట్టాడు. ఏ సంచీ మీద అంకెలకు ఏమి అర్థమో రైతులకు చెప్పడం నా పని. డీఏపీ సంచీ మీద పద్దెనిమిది, నలభై ఆరు అని రాసి ఉంటుంది. "పద్దెనిమిది నత్రజని, నలభై ఆరు ఫాస్ఫేటు, వేరుకు బలం" అని రోజుకు పదిసార్లు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఒక పెళ్ళికి హైదరాబాద్ పోయినప్పుడు స్నేహితుడి ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం చూశాను. సముద్రపు రాళ్ళు, వాటి మధ్య తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు. అంతే, నిద్ర పట్టలేదు. ప్రాణహిత, గోదావరి రెండూ కలిసే ఊళ్ళో సముద్రం ఒక్కటే తక్కువైందని నాకు తోచింది. "సముద్రం ఏడున్నది, సిరోంచ ఏడున్నదిరా? నదిల చేపలు సాలవా నీకు?" అని బాపు అడిగాడు. నేను ఫోను చూపించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఉపన్యాసానికి భయపడి ఒప్పుకున్నాడు. ఎండాకాలం పోకముందే తొట్టి వచ్చింది, మోటారు వచ్చింది, సముద్రపు ఉప్పు డబ్బాలు వచ్చాయి. ఆక్సిజన్ నింపిన కవర్లలో ఒక నారింజ జంట, ఒక నీలం చేప బస్సు దిగాయి. తాగేనీళ్ళ జార్లు తెప్పించి, నీలం డ్రమ్ములో ఉప్పు కలిపి, సిరోంచలో సముద్రాన్ని నేనే తయారుచేశాను. వారం వారం కొన్ని నీళ్ళు తోడేసి, అలాగే కలిపిన కొత్త ఉప్పునీళ్ళు పోసేవాణ్ణి. నెల రోజులు నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

మొదటి వానలతో పాటు మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క, ఊరు నాగేపల్లి. మోకాళ్ళ నొప్పులకు మంచిర్యాలలో మూడు నెలల వైద్యం. మా ఇంటి నుంచైతే పోయిరావడం తేలిక. మామ పోయినప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటు ఉంది: ప్రతి సోమవారం ప్రాణహితలో మునిగి, ఆయన పేరు మీద చేపలకు ఒక పిడికెడు ముర్మురాలు చల్లడం. నీళ్ళలోని జీవానికి వేస్తే పోయినవాళ్ళకు ముడుతుందని ఆమె నమ్మకం. మోకాళ్ళ వల్ల ఇప్పుడు ఏటి మెట్లు దిగలేకపోతున్నది. మా తొట్టిని చూసి ఆమె మొహం వెలిగిపోయింది. "నది ఇంటికే వచ్చె గదా అల్లుడా!" అని పీట తెచ్చుకుని దాని ముందు కూర్చుంది. మొదటి సోమవారమే పిడికెడు ముర్మురాలు నీళ్ళ మీద తేలాయి.

నేను పరుగున వచ్చి చిన్న వలతో తోడేశాను. అవి కుళ్ళితే ఫాస్ఫేటు పెరుగుతుందనీ, ఫాస్ఫేటు పెరిగితే పాచి పడుతుందనీ, చేపలకు ప్రమాదమనీ వివరించాను. "అట్లనా? నాకేమెరుక బిడ్డా. ఇగ ఎయ్యను తియ్" అంది. ఒక్క మాటలో అయిపోయింది. ఈ కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే ముసురు పట్టింది. మా వైపు ముసురంటే గోడలు కూడా చెమరుస్తాయి. డబ్బాల్లోని ఉప్పు తడిసి గడ్డకట్టడం మొదలైంది. నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మా ఇంట్లో చింతపండైనా, ఎండుమిరపకాయలైనా, ఇప్పపువ్వైనా ఉండేది ఖాళీ ఎరువు సంచీల్లోనే. లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, తేమ చేరదు. ఒక గట్టి సంచీ వెతికి, బోర్లించి నాలుగు దెబ్బలు దులిపి (కడిగితే తడవుతుంది కదా, తెలివి), ఉప్పంతా అందులో పోసి మూతి కట్టాను.

పది రోజుల్లో రాళ్ళ మీద పచ్చటి నూగు వచ్చింది. ఇరవై రోజులకు అది జుట్టంత పొడుగైంది. నా దగ్గర పరీక్ష చేసే చుక్కల మందు ఉంది. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసి చుక్కలు వేస్తే, ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం వస్తుంది. నాకు సిరా వచ్చింది. నీళ్ళు మార్చాను. ఇంకా ముదురు. వారానికి రెండుసార్లు మార్చాను. ఇంకా. చేపల మేత తగ్గించాను, రాళ్ళు తోమాను. నీళ్ళు మార్చినకొద్దీ పాచి ఏపుగా పెరిగింది. ఈ విచిత్రం చూసి ఏ బుద్ధిమంతుడైనా తాను పోసే నీళ్ళను అనుమానిస్తాడు. నేను మా అత్తను అనుమానించాను.

దానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఒక సోమవారం పొద్దున దుకాణంలో నుంచి తొంగి చూస్తే, ఆమె తొట్టి ముందు కళ్ళు మూసుకుని, పిడికిలి ఎత్తి, నీళ్ళ వైపు విసిరినట్టు వేళ్ళు విప్పింది.

"అత్తా, మళ్ళ ఏసినవా?"

"లే అల్లుడా. చెయ్యి అలవాటు. పిడికిట్ల ఏం లేదు, సూడు" అని రెండు చేతులూ చాపి చూపించింది. ఉత్త చేతులే. వేసేసిన తర్వాత ఎవరి చేతులైనా ఉత్తవే కదా అనుకున్నాను. ఆమెతో అనలేదు కానీ, ఆ సాయంత్రమే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "చేపలకు ఎవ్వరూ ఏమీ వేయరాదు" అని రాసి తొట్టి అద్దానికి అతికించాను. మా అత్తకు చదువు రాదు. "ఏం రాసిండే?" అని మా అమ్మను అడిగిందట. అమ్మ ఏమీ లేదని దాటేయబోతే, చదివేదాకా ఊరుకోలేదట.

ఇక ఆష్టి నుంచి చుట్టాలు వచ్చిన రోజు చెప్పడానికే నోరు రావడం లేదు. చెప్పాలి. అప్పటికి నారింజ జంటలో ఒకటి చచ్చిపోయింది. చుట్టాలందరూ తొట్టి చుట్టూ చేరారు. నేను గాజు గొట్టం పట్టుకుని మేష్టారులా నిలబడ్డాను. "ఏందిరా, గింత పచ్చగున్నది?" అని ఒక పెద్దాయన అడిగాడు. నేను పీట మీదున్న మా అత్త వైపు చెయ్యి చూపించి, "అంతా మా అత్త పుణ్యం. మామకు ముర్మురాలు పంపుతున్నది. మామకు ముట్టినయో లేదో కానీ మా చేప మాత్రం మామ దగ్గరికి ముట్టింది" అన్నాను. అందరూ నవ్వారు. నా హాస్యానికి నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. మా అత్త లేచి, పీట చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ వెనక వసారాలోకి పోయింది. వారం తిరక్కుండానే, వైద్యం ఇంకా నెల మిగిలి ఉండగానే, నాగేపల్లి బస్సెక్కింది. "పొలం పని ఉన్నది తమ్మీ, జర పరేషానున్నది" అని బాపుతో చెప్పింది. ఆ పొలం కౌలుకిచ్చి మూడేళ్ళయింది.

ఆమె ఊరికి పోయిన తర్వాత కూడా పాచి పెరిగింది. "వదినె పోయింది గదరా, ఇంకెట్ల పచ్చగున్నది?" అని అమ్మ అడిగింది. పాత ముర్మురాల ప్రభావం అన్నాను. (నిజంగానే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు మండుతున్నాయి.)

చివరికి నాకు బుద్ధి చెప్పింది జింగనూర్ నుంచి ఎరువు కోసం వచ్చిన ఒక గోండు రైతు. సంచీలు బండికెక్కే దాకా గడపలో కూర్చున్నాడు. లోపల నేను తొట్టి పక్కన డ్రమ్ములో ఉప్పు కలుపుతున్నాను. ఆయన కాసేపు చూసి, "చిన్న సేటూ, చేపలకు గూడ డీఏపీ ఏస్తరా?" అని అడిగాడు. నేను నవ్వి, "ఇది ఉప్పు తాతా, సంచి ఒక్కటే డీఏపీది" అన్నాను. ఆయన నవ్వలేదు. పాచి వైపు చూపిస్తూ, "మా మడిల నిలువ నీళ్ళ మీద డీఏపీ సల్లితె గిట్లనే పాశి లేస్తది. అందుకే అడిగిన" అని తన సంచీలు లెక్కపెట్టుకోవడానికి లేచిపోయాడు.

నేను సంచీలోకి చెయ్యి పెట్టి అడుగు దాకా తవ్వాను. ప్లాస్టిక్ మడతల్లో, తెల్లటి ఉప్పు మధ్య, బూడిద రంగు గుళికలు, పొడి. జార్లోని గుక్కెడు తాగేనీళ్ళలో చిటికెడు ఆ ఉప్పు కలిపి చుక్కలు వేశాను. గొట్టంలో సిరా. బయట సంచీ మీద, నా మొహానికి ఎదురుగా, నలభై ఆరు. వారం వారం సముద్రానికి ఎరువు వేసింది నేనే. చేపను చంపిందీ నేనే కావచ్చు. ఆ ఉప్పు పారబోసి, డ్రమ్ము కడిగి, కొత్త ఉప్పుతో నీళ్ళు మార్చాక నెలలో రాళ్ళు తేటపడ్డాయి. నా మనసు మాత్రం తేటపడలేదు. ఆ ఉత్త చేతులే కనిపించేవి.

ఒక ఆదివారం నాగేపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా ఏమి చెప్పాలో వల్లెవేసుకున్నాను. నన్ను చూడగానే మా అత్త, "అయ్యో అల్లుడా, చెప్పకుండ వచ్చినవేంది, కూర గూడ మంచిది లేదు" అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచింది. బోడకాకర కూరతో అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాను. సంచీ, గుళికలు, జింగనూర్ తాత, అన్నీ. "నువ్వు ఎయ్యలేదత్తా. నాకు ఇప్పుడు తెలిసింది" అన్నాను.

"నేను ఎయ్యలేదని నాకు ముందే ఎరుక గదా బిడ్డా" అంది.

తర్వాత కూర ఇంకొంచెం వడ్డిస్తూ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "సంచి సంగతి దొరికిందని వచ్చినవ్. అది దొరక్కపోతే రాకపోదువా?"

"ఎందుకు రానత్తా, వచ్చేటోణ్ణే" అన్నాను. ఎంత తొందరగా అన్నానో! ముద్ద మింగక ముందే అనేశాను. మా అత్త నమ్మినట్టు తల ఊపి, "మంచిది, తిను" అని మజ్జిగ కోసం లోపలికి పోయింది. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కాస్త నవ్వొస్తుంది. తప్పు ఒప్పుకోవడానికి అంత దూరం బస్సులో పోయి, ఒప్పుకున్న ఆ కంచం ముందే కూర్చుని, ఇంకో అబద్ధం చెప్పి వచ్చాడు.