వానకు నిలిచిన నీలం

బస్సు లోయలోకి ఒరిగిన ఏడాది, అందులో ఉన్న దొమింగా కుడిచెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయింది. నడుముకు కట్టుకునే మగ్గానికి రెండు చేతులూ ఆడాలి. మా సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లలో అంత సన్నగా నేసే మనిషి మరొకరు లేరు. అలాంటిది, ఇల్లు కదలడం మానేసింది.

మా ఆడవాళ్ల సంఘం పెద్ద యులాలియా వెళ్లి ఆమె ముందు నూలు చిలపలు పడేసింది.

"నెయ్యలేవు, సరే. రంగు కాగులో కలపడానికి ఎన్ని చేతులు కావాలే?"

"ఒకటి చాల్లే. నువ్వు మాత్రం పక్కన నిలబడి వాగకు."

అలా రంగుల పాకకు వచ్చింది. మొదట్లో ఆమె నీలం బురదలా తేలేది. పారబోసి మళ్లీ నీలి ఆకు నానబెట్టేది. రంగు గట్టిగా పట్టడానికి నూలును అరటిబోదె నీళ్లలో ఎంతసేపు ఉంచాలో ఎడమచేతి వేళ్లతో తడిమి నేర్చుకుంది. చివరికి ఆ నీలంతో మేమంతా శాలువాలు నేసుకున్నాం.

సాన్ హువాన్ స్వామి ఊరేగింపులో విగ్రహం మీద పట్టే మేలుకట్టు మేమిస్తామని దొమింగానే ముందుకొచ్చింది. ఉత్సవ పెద్ద బార్తొలో నవ్వాడు.

"ఆకుపసరు గుడ్డ తొలి చినుక్కే కారిపోద్ది పిల్లా. పట్నం నుంచి ఎర్రపట్టు తెప్పించాంలే."

పండగనాడు, ఊరేగింపు సంత దాటుతుండగా వాన కుమ్మేసింది. ఎర్రపట్టు కారడం మొదలెట్టింది. స్వామి చేతిలోని తెల్ల గొర్రెపిల్ల ఎర్రబడింది. బార్తొలో టోపీ, మీసాలు కూడా.

"శాలువాలు తీయండే!" అని అరిచింది దొమింగా.

అంచులు ముడేసి స్వామి మీద ఎత్తి పట్టాం. గుడి గుమ్మం దాకా కుండపోతే. నీలం చుక్క రాలలేదు. బార్తొలో ఒక కొంగును బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

మరుసటి ఏడు పండగకు ముందు దొమింగా దగ్గరికి పాకకే వచ్చాడు, టోపీ చేతబట్టుకుని.

"మేలుకట్టు మీరే చేయాలమ్మా."

"చేస్తాం బాబాయ్. మోసేది కూడా మేమే."

"ఆడవాళ్లా? ఎప్పుడన్నా ఉందా?"

"ఇప్పుడుంటుంది. ఊరికే నిలబడ్డారేం, ఆ అరటిబోదె కాస్త నరికిపెట్టండి."

ఆయన చొక్కా చేతులు మడిచాడు.

ఆ పండగలో మేలుకట్టు ముందువైపు కర్ర దొమింగాదే. ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, వీధంతా తలెత్తుకుని నడిచింది.