ఆ ఫైల్లో ఏమీ లేదు

దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, ముందు తలకు దెబ్బేమైనా తగిలిందా అని అడగడం నాకు అలవాటు. వెటకారం కాదు, నా ఉద్యోగమే అది. తలకు పెద్ద గాయమైన వాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో పంతొమ్మిదేళ్ళుగా పరిశోధిస్తున్నాను. చనిపోయిన అమ్మ మంచం పక్కనే కూర్చుందని చెప్పినవాళ్ళను చూశాను. తన చెయ్యి తనది కాదని దాన్ని బూతులు తిట్టిన పెద్దమనిషినీ చూశాను. అన్నిటికీ స్కాన్‌లో వేలు పెట్టి చూపించడానికి నాకొక మచ్చ దొరికేది. అందుకే దేన్నీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఇది చదివి నన్ను కూడా ఆ జాబితాలో వేసేయకండి.

తిరుపతిలో మా పరిశోధన గది ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. మునిరత్నాన్ని అక్కడికి తెచ్చేసరికి ప్రమాదం జరిగి మూడు నెలలు. నలభై ఏళ్ళ మనిషి, వడమాలపేట నుంచి మామిడికాయలు తోలే ఆటో నడిపేవాడు. ఆటో బోల్తాపడి తల రోడ్డుకు కొట్టుకుంది. ఊపిరి తనే తీసుకుంటున్నాడు, కళ్ళు తెరుస్తున్నాడు, చూపు మాత్రం ఎవరి మీదా నిలవదు. ముక్కులో గొట్టం, వీపు మీద పుండ్లు.

పునరావాస వార్డులో ఒకే ఒక్క మంచం ఖాళీగా ఉంది. మునిరత్నం మెదడులో స్పందన ఉంటే ఆ మంచం అతనికిస్తారు. లేకపోతే గొట్టంతోనే ఇంటికి పంపేస్తారు. అలా ఇంటికి పోయినవాళ్ళు ఎన్నాళ్ళుంటారో నాకు తెలుసు. మునిరత్నం అన్న గోవిందప్పకూ తెలుసు. శుక్రవారం డాక్టర్లు కూర్చుంటారు, ఆలోగా నా పరీక్ష తేల్చాలి.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మెదడు కదలికను తెర మీద గీతగా చూపించే ఈఈజీ తీగలు రోగి తలకు పెట్టి, హెడ్‌ఫోన్లలో అతని పేరు వినిపిస్తాం. బాగా దగ్గరి మనిషి గొంతు ఒకటి, ముక్కూమొహం తెలియని మనిషి గొంతు ఒకటి. ఏది ఎప్పుడు రావాలో కంప్యూటరే కలిపేస్తుంది, మాకు కూడా తెలియదు. దగ్గరి గొంతుకు మెదడు వేరుగా కదిలితే లోపల మనిషి ఉన్నట్టు.

దగ్గరి గొంతు కోసం అతని భార్య సుగుణను పిలిచి, భర్త పేరు చెప్పమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పేరు పెట్టి పిలవలేను మేడం. పెండ్లయి పదహారేండ్లు, ఒక్క తూరి గూడా అనింది లేదు. ఆయుస్సు తగ్గతాదంట."

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడు నువ్వు పిలిస్తేనే తల్లీ ఆయన ఆయుస్సు నిలిచేది" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. "ఏమయ్యా" అని పిలుస్తానని ఆమె బతిమాలింది. కుదరదు, రెండు గొంతులూ ఒకే పేరు పలికితేనే పోల్చగలం. చివరికి రికార్డర్ చేతికిచ్చి, ఏ బటన్ నొక్కాలో చూపించి, ఫ్యాన్ ఆపి, సిగ్గుపడకుండా పలుకుతుందని ఆమెను ఒక్కదాన్నే గదిలో వదిలి తలుపేశాను. రెండు నిమిషాలకు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

ప్రతి ఫైలూ విన్నాకే వాడాలన్నది మా గదిలో నియమం. పెట్టింది నేనే. ఆ రోజు నా తొందరకు టెక్నీషియన్ ప్రభాకర్ వినకుండానే ఎక్కించేశాడు. తప్పు అతనిది కాదు, వెనక నిలబడి తరిమింది నేను.

ఫలితం చూసి కుర్చీలోంచి లేచాను. తెలియని గొంతుకు ఏమీ లేదు. సుగుణ ఫైలుకు మాత్రం ప్రతిసారీ మెదడు లేచి కూర్చున్నట్టు గీత పైకెగిరింది. అంత స్పష్టమైన స్పందన నేను చాలా తక్కువసార్లు చూశాను. వరండాలోకి పరిగెత్తి, నువ్వు పిలిస్తే ఆయన పలుకుతున్నాడని సుగుణతో చెప్పాను. గోవిందప్ప చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె ముఖం మాత్రం పాలిపోయింది.

"నేను పిలిచిందే లేదు మేడం. నోరు రాలేదు."

వెళ్ళి ఫైలు తెరిచాను. నాలుగు సెకన్లు. అందులో ఏమీ లేదు.

ఆ తర్వాత రెండు రోజులు నేను కుదురుగా అన్నం తిన్నది లేదు. వినపడని ఊపిరి ఏదైనా ఉందేమోనని శబ్దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూశాను. అదే గదిలో, అదే రికార్డర్‌తో ప్రభాకర్‌ను నాలుగు సెకన్లు మౌనంగా నిలబెట్టి ఇంకో ఫైలు చేశాను. మునిరత్నానికి రెండూ పెట్టాం. ప్రభాకర్ మౌనానికి గీత కదల్లేదు, సుగుణ మౌనానికి ఎగిరింది. యంత్రంలో లోపమేమోనని నా తలకే తీగలు పెట్టించుకున్నాను. నాకు ఏమీ రాలేదు.

చివరికి హెడ్‌ఫోన్ పిన్ను పీకేశాను. ఇప్పుడు ఏ ఫైలు నడుస్తోందో కంప్యూటర్‌కు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం మూడు గంటలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, కింద బస్సుల హారన్లు. గీత ఎగిరింది. తర్వాత లెక్క తీస్తే, ఎగిరిన ప్రతిసారీ నడిచింది సుగుణ ఫైలే. ప్రభాకర్ లేచి బయటికి పోయాడు. నాకు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

శుక్రవారం రిపోర్టు రాయాలి. ఫైలు ఖాళీ అని రాస్తే పరీక్ష చెల్లదు, మంచం పోతుంది. "భార్య రికార్డింగుకు నిలకడైన స్పందన ఉంది, రోగికి వినపడుతోంది" అని రాసి సంతకం పెట్టాను. ఫైల్లో ఏముందో రాయలేదు. నా జీవితంలో అలాంటి పని చేయడం అదొక్కసారే.

మంచం వచ్చింది. ఆరో వారంలో మునిరత్నం ఫిజియోథెరపిస్టు వేలు పట్టుకున్నాడు. మూడో నెలలో ముక్కులో గొట్టం తీశారు.

ఐదారు నెలల తర్వాత ఎలా ఉన్నాడో చూద్దామని వడమాలపేట పోయాను. కుర్చీలో కూర్చుని గంజి తాగుతున్నాడు. కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలో లేదు. నోట ఒకే ఒక్క మాట వస్తోంది.

"ఏమడిగినా అదే మేడం" అని గోవిందప్ప నవ్వాడు. "సూడండి. ఏమప్పా, గంజి చాలా?"

"పోను" అన్నాడు మునిరత్నం.

"ఎండగా ఉండాదా?"

"పోను."

దెబ్బతిన్న మెదడు ఒకే మాట దగ్గర ఇరుక్కుపోవడం నాకు కొత్త కాదు. ఒకాయన ఏడాదిపాటు "మంగళవారం" తప్ప ఇంకో మాట అనలేదు. ఆ సంగతే గోవిందప్పకు వివరించి, కాఫీ తాగి బయల్దేరాను.

సుగుణ కారు దాకా వచ్చింది. ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆ పొద్దు గదిలో ఏమనుకున్నానో మీకు చెప్పలేదు మేడం. పేరు అందామనే నిలబడినా. ఆ గొట్టం, ఆ పుండ్లు కండ్ల ముందరికి వచ్చినాయి. ఇంక పో అయ్యా, నువ్వు పడింది చాలు, మేమెట్లో బతుకుతాం, పో, అని మనసులో అనుకున్నా. అంతే, బటన్ ఆపేసినా." కారు తలుపు పట్టుకున్న ఆమె చెయ్యి వదల్లేదు. "ఆయప్పకు ఇనపడలేదు గదా? ఇనపడలేదని ఒక్క మాట చెప్పండి మేడం. సదువుకున్నోళ్ళు మీరు చెప్తే నమ్ముతాను."

నాకు తెలిసిన సైన్సు ప్రకారం ఆ ఒక్క మాట చెప్పడం ఎంతో తేలిక. లేని శబ్దం ఎవరికీ వినపడదు. కానీ వినపడుతోందని సంతకం పెట్టింది నేనే, ఆ సంతకం మీదే ఆయన ఇవాళ గంజి తాగుతున్నాడు.

"తెలీదు సుగుణా" అన్నాను.

ఆమె తలుపు వదిలేసింది. ఆ మొహం చూసి కూడా కారెక్కి వచ్చేశాను. ఏడాది దాటింది. ఇప్పుడొచ్చి అడిగినా అదే చెబుతాను, ఎందుకంటే నాకు నిజంగా తెలీదు.