ఇల్లత్తరసి అని రాసింది నేనే

తిరుత్తణి దగ్గర మా అక్క ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. ఒకదాని మీద బావ, ఇంకోదాని మీద అక్క లుంగీలు నేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నేతగాళ్ళ గుర్తింపు కార్డు మాత్రం బావకే ఉండేది. కార్డు లేనివాళ్ళకు పింఛను లేదు. పోయిన ఏడాది అక్క, తన పేరుతో ఒక కార్డు కావాలని పట్టుపట్టింది.

"ఇంటికి ఒకటి ఉండాది కదా, చాలదా?" అన్నాడు బావ.

"ఇంటికి ఒక కంచం చాలునా నీకు? రేపటినుంచి నేను తిని కడిగినాక తిందువులే."

అక్క అరవం గలగలా మాట్లాడుతుంది కానీ చదవలేదు. కాబట్టి ఫారం నింపే పని నాకు పడింది. పనిచోట ఆడామగా సమానమని చట్టం ఏం చెబుతోందో, అది ఎక్కడ అమలు కావడం లేదో, అంతకు ముందు వారమే ఒక సభలో గంటసేపు ఉపన్యాసం దంచి వచ్చాను. అదే వేడిలో నిమిషంలో ఫారం పూర్తిచేసి, అక్కతో తిరువళ్ళూరుకు రైలెక్కాను.

ఆఫీసులో ఉన్న అమ్మాయి ఫారం చూసి అరవంలో, "ఇది నేసేవాళ్ళకు ఇచ్చే కార్డమ్మా, నీకు కుదరదు" అంది.

నేను లేచి నిలబడ్డాను. సమాన పనికి సమాన కూలి అన్నాను. రాజ్యాంగం అన్నాను. ఇల్లే పనిచోటు అయితే చట్టం గడప బయటే ఆగిపోవాలా అని అడిగాను. ఆ అమ్మాయి ఓపికగా అంతా విని, ఫారం నా వైపు తిప్పి, తొళిల్ అనే గడి మీద వేలు పెట్టింది.

"వృత్తి దగ్గర ఇల్లత్తరసి అని ఉంది సార్. ఇది ఎవరు రాసింది?"

రాసింది నేనే. గృహిణికి అరవంలో ఆ మాట. ఇంటికి రాణి అని అర్థం. ఎవరి పనినైనా మాయం చేయాలంటే తలమీద ఒక కిరీటం పెడితే చాలు. ఆడమనిషి పేరు పక్కన ఆ మాట దానంతట అదే వచ్చి కూర్చుంది, నా చెయ్యి ఎందుకని అడగలేదు. ఎందుకని అడగకుండా చేసేదే మూఢనమ్మకమని ఊరూరా చెప్పే మనిషిని నేను.

అక్కకు సంగతి అర్థమై పకపకా నవ్వింది. "రాణినా నేను? గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునే రాణిని యాడ చూసినావు రా?"

ఆ అమ్మాయికీ నవ్వొచ్చింది. "సరే, పడుగులో పోగు తెగితే ఎవరమ్మా అతికేది?"

"నా మగ్గంలో నేను. ఆయన మగ్గంలోనూ నేనే. ఆయనకు కళ్ళద్దాలు యాడ పెట్టినాడో తెలిస్తే కదా!"

ఆ అమ్మాయి కొత్త ఫారం ఇచ్చింది. "మనిషిని పంపిస్తాం, వచ్చి చూస్తారు" అంది.

ఈసారి అక్క నా భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడింది. "నేను చెప్పింది రాయి. అరవంలో నేసేవాళ్ళను ఏమంటారు?"

"నెసవాళర్."

"అదే రాయి. పెద్దగా రాయి." కింద తెలుగులో సంతకం చేసింది.

తిరిగొచ్చేసరికి బావకు ఆకలిగా ఉంది. జరిగింది విని, "అయితే మా రాణీగారు కాఫీ ఇస్తారా?" అన్నాడు.

"రాణి తిరువళ్ళూరులోనే దిగిపోయినాది. ఈడ ఇద్దరూ నేసేవాళ్ళమే. పాలు ఆడుండాయి చూడు."

బావ గొణుక్కుంటూనే పొయ్యి వెలిగించాడు. కాఫీ కొంచెం చేదుగా ఉన్నా ముగ్గురం తాగాం.

తనిఖీకి మనిషి వచ్చిన రోజు అక్క మగ్గం మీదనుంచి లేవలేదట. "కూర్చోండి సార్, ఈ వరస అయిపోనీ" అందట. నెలలు గడిచాక కార్డు వచ్చింది. నేను వెళితే నా చేతికిచ్చి, చదవలేని ఆ అక్షరాల్లో సరిగ్గా ఒక్క మాట మీద వేలు పెట్టింది.

"ఇదే కదా?"

"అదే" అన్నాను. అయినా నన్ను ఇంకోసారి చదవమంది.