నాయనమ్మ చూసిన తాజాదనం

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మా బాబాయికి కాలేయం మార్చారు. పిన్ని తన కాలేయంలోంచి ముక్క ఇచ్చింది. ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. తర్వాతి చెకప్పులు మా ఊళ్లోనే, బెంజ్ సర్కిల్ పక్కన ఒక డాక్టరు గారి దగ్గర. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ, కొత్త మిక్సీ గురించి అడిగినట్టు, "గ్యారంటీ ఎన్నేళ్లంట?" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. అంత మండినదాన్ని, చెకప్పుకు వెళ్లినప్పుడు నేనూ అదే అడిగాను.

"ఇప్పుడే చెప్పలేమండీ" అంటూ డాక్టరు గారు బాబాయి కనురెప్ప కిందికి లాగి చూశారు. కాలి మీద బొటనవేలితో నొక్కి, గుంట అలాగే ఉండిపోతుందేమోనని చూశారు.

పక్కనే కూర్చున్న నాయనమ్మ ఇక ఆగలేకపోయింది. ఆవిడ నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. చేప తాజాదో కాదో తేల్చేదీ కళ్లు చూసి, వేలితో నొక్కే.

"కాస్త జరగండి బాబూ" అని లేచింది. కొడుకు కళ్లు చూసింది. కాలు నొక్కింది. మొప్ప ఎత్తినట్టు చెవి మడిచి చూసింది. చివరికి మెడ దగ్గర వాసన కూడా చూసింది. బాబాయి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను సిగ్గుతో గోడమీద క్యాలెండరు చదువుతున్నాను.

"ఏమంటారమ్మా?" అని డాక్టరు గారు నిజంగానే అడిగారు.

"కన్ను మెరుస్తంది, గుంట నిలవలేదు" అంది నాయనమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఇప్పుడప్పుడే ఐసులో పెట్టక్కర్లేదు బాబూ."